ఆఖరి బస్సు కొండ దిగుతుందా?

కొండ నడకల మీద ప్రశ్నలు పంపమని అడిగితే ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ బస్సు గురించే ఉన్నాయి. ఎక్కడం అందరికీ వస్తోంది, ఇంటికి చేరడం దగ్గరే ఇబ్బంది. అందుకని ఈ నెల శీర్షికంతా దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం, విజయనగరంలో ఉంటాం. బళ్ల మీద వెళ్తే మళ్లీ బళ్ల దగ్గరికే రావాలి కదా అని, బస్సులో వెళ్లి ఒక ఊళ్లో దిగి, కొండ మీదుగా 14 కిలోమీటర్లు నడిచి, ఇంకో ఊళ్లో బస్సెక్కి వచ్చేద్దామని డిసెంబరులో ఒక ఆదివారం బయల్దేరాం. సాయంత్రం ఐదున్నరకి ఆఖరి బస్సుందని ఊళ్లోవాళ్లు చెప్పారు. బస్సు టైముకే వచ్చింది, మా ముందునుంచే కొండపైకి వెళ్లింది, ఇంక కిందికి రాలేదు. చీకట్లో 9 కిలోమీటర్లు రోడ్డు మీద నడిస్తే ఒక ఆటో దొరికింది. ఫోన్లకి సిగ్నల్ లేక ఇంట్లోవాళ్లు చాలా టెన్షన్ పడ్డారు, ఇంక కొండల జోలికి వెళ్లొద్దంటున్నారు. మేం చేసిన తప్పేంటి?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బళ్లు ఇంటి దగ్గర వదిలి బస్సు మీద వెళ్లడం మంచి పద్ధతి, ముందు అది చెప్పాలి. బండి ఉంటే ఎక్కిన దారినే దిగాలి. బస్సయితే కొండకి ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగొచ్చు. అది మానకండి. మీ తప్పు అడిగిన ప్రశ్నలో ఉంది.

మీరు చూసింది నైట్ హాల్ట్ బస్సు. సాయంత్రం టౌన్లో బయల్దేరి చివరి ఊరికి వెళ్తుంది, డ్రైవరూ కండక్టరూ రాత్రికి అక్కడే పడుకుంటారు, తెల్లారగట్ల కూరగాయల గంపల్నీ, ఆస్పత్రికెళ్లే ముసలివాళ్లనీ, కాలేజీ పిల్లల్నీ ఎక్కించుకుని కిందికి దిగుతుంది. ఆ ఊరివాళ్లకి ఆఖరి బస్సంటే టౌన్నించి తమని ఇంటికి చేర్చే బస్సు. మీకేమో టౌనుకి చేర్చే బస్సు కావాలి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మీరడిగినదానికే జవాబు చెప్పారు. ఈసారి "టౌనుకి దిగే బస్సు ఆఖరిది ఎన్నింటికి? నిన్న వచ్చిందా?" అని అడగండి. రెండో ముక్క కూడా వదలొద్దు, ఎందుకంటే బస్సు టైము అందరూ చెప్తారు గానీ, అది ఈమధ్య తిరుగుతోందో లేదో ప్రత్యేకంగా అడిగితే తప్ప చెప్పరు.

ఇది నాకు తెలిసింది సాలూరు అవతల, పాచిపెంట వైపు కొండల్లో. అప్పటికి నేను మీ వయసువాణ్ణే. బస్సు పైకి వెళ్లాక తిరిగొస్తుందని రోడ్డు పక్కన రావిచెట్టు గట్టు మీద కూర్చున్నాను. పక్కనే ఒక ముసలమ్మ కొండచీపుర్లు కడుతోంది. గుప్పెడు పుల్లలు తీయడం, మొదళ్లు సమంగా రావడానికి గట్టుకేసి రెండుసార్లు కొట్టడం, పళ్లతో నార పట్టుకుని చేత్తో బిగించడం. అలా అయిదారు కట్టలు కట్టేదాకా నన్ను చూస్తూనే ఉంది. చివరికి "ఏటి బాబూ, ఆ బస్సు కోసమేటి? అది రేపు కోడి కూసినాక దిగుతాది" అంది. ఆ రాత్రి వాళ్ల అరుగు మీద పడుకున్నాను, చోడి అంబలి పోశారు. పొద్దున్నే వెళ్లి చూస్తే బస్సు అద్దమంతా మంచు పట్టేసి ఉంది, డ్రైవరు మెడలో తువ్వాలు తీసి తుడుస్తున్నాడు. వాళ్లు ఆదరించారు కాబట్టి సరిపోయింది. నలుగురు మనుషులు చెప్పాపెట్టకుండా చీకట్లో ఒక చిన్న ఊరి మీద పడితే వాళ్లకీ కష్టమే.

మీరు ఆదివారం వెళ్లడం రెండో ఇబ్బంది. కొండ ఊళ్లకి వేసే ట్రిప్పుల్లో కొన్ని బడిపిల్లల కోసం వేసేవి. సెలవు రోజున అవి ఉండకపోవచ్చు. సంక్రాంతి మూడు రోజులూ అంతే. విజయనగరం పైడితల్లి సిరిమాను పండగ ముందు రోజులూ, శంబర పోలమాంబ జాతర రోజులూ స్పెషల్ బస్సులు జాతరకి తిరుగుతాయి, ఆ సమయంలో మారుమూల ట్రిప్పులు ఉన్నాయో లేదో ఖాయం చేసుకోకుండా బయల్దేరకండి. వీలుంటే శనివారం వెళ్లండి, ఇంకా నయం ఆ పక్క సంత జరిగే రోజున వెళ్లండి. సంత రోజు సాయంత్రం దాకా ఆటోలూ జీపులూ తిరుగుతూనే ఉంటాయి, బస్సు తప్పినా దారి దొరుకుతుంది.

ఇక వెలుతురు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం. అందుకే నవంబరు ఆఖరుకి మన దగ్గర 5:20 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. పైగా మన కొండలు మనకి పడమటి వైపున్నాయి, కాబట్టి తూర్పు వాలున నడిచేవాళ్లకి సూర్యుడు ఇంకా ముందే కొండ వెనక్కి వెళ్లిపోతాడు. డిసెంబరులో నాలుగున్నరకల్లా కొండ నీడ మీమీద పడిపోతుంది. చలికాలం నడక హాయిగానే ఉంటుంది గానీ పగలు చాలదు.

ఎంతసేపు పడుతుందో లెక్కేయడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు కొండలెక్కే ఆయన చెప్పింది. దాన్ని మన కొలతల్లో చెప్పాలంటే 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 300 మీటర్ల ఎత్తుకి ఇంకో అరగంట. మీ 14 కిలోమీటర్లకి 2 గంటల 48 నిమిషాలు, మధ్యలో 400 మీటర్లు ఎక్కారనుకుంటే ఇంకో 40 నిమిషాలు, మొత్తం మూడున్నర గంటలు. అది చల్లటి దేశంలో, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. మన ఎండకీ, తుప్పల్లో దారి వెతుక్కోడానికీ, అన్నం తినడానికీ నేనెప్పుడూ దానికి సగం కలుపుతాను, అంటే ఐదుంబావు గంటలు. దిగే బస్సు ఐదింటికైతే నాలుగుంబావుకి స్టాపులో ఉండాలి, అక్కణ్ణించి వెనక్కి లెక్కేస్తే పదకొండింటికి నడక మొదలైపోవాలి. మొదలవలేదా, ఆ రోజుకి చిన్న దారి పట్టండి. చాలామంది ఈ లెక్క ముందునుంచి వేస్తారు, పొద్దున ఎన్నింటికి లేచామన్న దగ్గర మొదలెడతారు. ఆఖరి బస్సు దగ్గర మొదలెట్టాలి.

అన్నిటికన్నా మేలైన పద్ధతి ఒకటుంది, నేను ఇప్పుడు ఇంకోలా నడవడం మానేశాను. దూరం ఊరికి పొద్దున్నే బస్సులో వెళ్లిపోండి. అక్కణ్ణించి టౌను వైపు, పెద్ద రోడ్డు వైపు నడుచుకుంటూ రండి. రోజుకి రెండు మూడు బస్సులుండే ఊరు మీ నడకకి మొదలు కావాలి, చివర కాకూడదు. నడక అయ్యేచోట సాలూరు రోడ్డో, పార్వతీపురం రోడ్డో, శృంగవరపుకోట రోడ్డో ఉంటే ఒక బస్సు పోయినా ఇంకోటి వస్తుంది. పొద్దున ఆ దూరపు బస్సు తప్పిపోయినా నష్టం లేదు, మీరింకా టౌన్లో ఆర్టీసీ కాంప్లెక్సులోనే ఉంటారు, టిఫిన్ చేసి ఇంకో చోటికి వెళ్లొచ్చు. బస్సెక్కగానే కండక్టరుతో మీరు ఎక్కడ దిగుతారో, ఎటు నడుస్తారో చెప్పండి. ఆ రూటులో ఎప్పుడూ తిరిగేవాళ్లకి ఏ గెడ్డ పొంగిందో, ఏ వంతెన కట్టడం సగంలో ఆగి బస్సు ఎక్కడిదాకా వెళ్తోందో తెలిసి ఉంటుంది. బస్సు ఎక్కడుందో ఫోన్లో చూపించే ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ ఉంది, టౌన్లో పనికొస్తుంది. సిగ్నల్ లేని మలుపులో యాప్ వల్ల ఉపయోగం లేదు, అందుకని టైములు కాయితం మీద రాసుకోండి.

ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనది. బయల్దేరేముందు ఏ ఊళ్లో దిగుతున్నారు, ఏ ఊళ్లో తేలుతున్నారు, ఏ బస్సుకొస్తారు, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోయినా కంగారు పడక్కర్లేదు, ఆ తరవాత ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ చీటీ మీద రాసి ఇంట్లో పెట్టండి. మీ దారి మీద ఉన్న మండలం పోలీస్ స్టేషన్ నంబరు కూడా అందులో రాయండి. నాలుగు నడకలు చెప్పిన టైముకి ఇంటికొస్తే వాళ్లే మళ్లీ పంపుతారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో షెఫీల్డులో చదువుతోంది. శని ఆదివారాలు స్నేహితులతో మూర్స్ మీద నడకకి వెళ్తోందట, 20 కిలోమీటర్లు నడిచి బస్సెక్కి వస్తానంటుంది. ఫొటోల్లో చూస్తే చెట్టూ చేమా, ఇల్లూ వాకిలీ ఏవీ లేవు. నాకు భయంగా ఉంది. అసలు అవేం ప్రదేశాలు, మేం దానికేం జాగ్రత్తలు చెప్పాలి?
— ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, మూర్ అంటే మన మాటల్లో బోడికొండ. ఎత్తున ఉన్న బయలు, గడ్డీ, హెదర్ అనే పొట్టి ఊదాపూల తుప్పా తప్ప ఏమీ పెరగదు. నేల మాత్రం మన కొండల్లా రాయీ ఎర్రమట్టీ కాదు. వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ పూర్తిగా కుళ్లని మొక్కలు నల్లగా పేరుకుపోయాయి, దాన్ని పీట్ అంటారు. కొన్నిచోట్ల మీటర్ల లోతుంటుంది. నాట్ల ముందు దమ్ము పట్టిన మడిలో కాలేస్తే ఎలా దిగబడుతుందో అలా ఉంటుంది, కాకపోతే మడికి గట్టుంటుంది, దానికి ఉండదు. దూదిపింజల్లా తెల్లగా ఊగే గడ్డి కనిపించిందంటే కింద నీళ్లున్నట్టే, చుట్టూ తిరిగి వెళ్లమని అమ్మాయికి చెప్పండి.

షెఫీల్డు పక్కనే పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతం ఉంది. అక్కడి ఈడేల్ ఊరి నుంచి పెన్నైన్ వే అనే నడక దారి మొదలై స్కాట్లండు సరిహద్దు దాటి 268 మైళ్లు, అంటే దాదాపు 430 కిలోమీటర్లు సాగుతుంది. 1965లో తెరిచారు. కాళ్లు దిగబడేచోట్ల ఆ దారికి పాత నూలు మిల్లులు కూలగొట్టగా మిగిలిన రాతి పలకలు పరిచారు. ఆ కొండలమీద నడవడానికి మామూలు జనానికి హక్కు ఊరికే రాలేదు. ఒకప్పుడు పక్షుల వేట కోసం భూస్వాములు దారులు మూసేస్తే, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు కార్మికులు వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే నడిచారు, అయిదుగురు జైలుకి వెళ్లారు. ఇలాంటి బయళ్ల మీద స్వేచ్ఛగా తిరగొచ్చని చట్టం 2000లో గానీ రాలేదు. మీ అమ్మాయి నడుస్తున్నది అలాంటి చోట. నాకైతే గర్వంగా అనిపిస్తుంది.

భయపడాల్సింది పొగమంచుకీ, వెలుతురు చాలకపోవడానికీ. మబ్బు కిందికి దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో కనపడదు, గుర్తు పెట్టుకోడానికి ఒక్క చెట్టు కూడా ఉండదు. కాబట్టి ఫోన్లో మ్యాపుతోపాటు కాయితం మ్యాపూ దిక్సూచీ ఉండాలి, వాడడం రావాలి. అక్కడ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల మ్యాపులు దొరుకుతాయి, 4 సెంటీమీటర్లకి కిలోమీటరు లెక్కన గోడలు కూడా చూపిస్తాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది, డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దు గూకుతుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ వారం పాత అలవాటున బయల్దేరితే ఒక గంట వెలుతురు పోయినట్టే. వేసవిలో కూడా తల టార్చీ, వాన కోటూ, ఇంకో స్వెట్టరూ సంచిలో ఉండాలి, తడిసిన ఒంటికి అక్కడి గాలి తగిలితే మన ఊహకి అందని చలి.

బస్సుల సంగతి మనలాగే ఉంటుంది. పల్లెటూరి రూట్లలో ఆదివారం తక్కువ, కొన్నిచోట్ల అసలుండవు, వేసవికొకటీ చలికాలానికొకటీ టైములు మారిపోయే రూట్లున్నాయి. టికెట్టు ధర మాత్రం ఊరట, ఇంగ్లండులో చాలా బస్సుల్లో ఒకవైపు ప్రయాణానికి 2025 జనవరి నుంచి 3 పౌండ్లు మించదు. స్టాపులో నిలబడి చెయ్యి చాపకపోతే అక్కడా బస్సు ఆగకుండా వెళ్లిపోవచ్చు. ఈడేల్‌కి రైలు స్టేషనుంది, షెఫీల్డుకీ మాంచెస్టర్‌కీ రైళ్లున్నాయి, కాబట్టి కొత్తలో నడక అక్కడ ముగిసేలా చూసుకోమనండి. దారి తప్పితే లేదా దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి పోలీసుల్నీ, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూనీ అడగాలి. వచ్చేవాళ్లు వలంటీర్లు, డబ్బులు తీసుకోరు. ఫోన్ లేకపోతే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. ఒక విజిల్ ఎప్పుడూ సంచి పట్టీకి కట్టుకోమనండి.

మీరు అడగాల్సింది ఒక్కటే, పొద్దున బయల్దేరేముందు ఏ స్టాపులో ఏ బస్సెక్కుతుందో మెసేజి పెట్టమనండి. మనకీ వాళ్లకీ చలికాలంలో ఐదున్నర గంటల తేడా, అక్కడ ఆరింటి బస్సంటే మనకి రాత్రి పదకొండున్నర. ఆ లెక్క గుర్తుంటే మీరు ముందే కంగారు పడరు.

ప్రశ్న: మేం ముగ్గురు ఆడవాళ్లం, శ్రీకాకుళంలో టీచర్లం. బస్సు ఉచితం కదా, నెలకో నడకకి వెళ్లాలని ఉంది. ఎప్పుడూ ఇలా నడిచింది లేదు. దేంతో మొదలెట్టమంటారు?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: శాలిహుండంతో మొదలెట్టండి. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుకల స్తూపాలు, కింద నది. పొద్దున్నే కొండ ఎక్కి, అక్కడే టిఫిన్ డబ్బాలు విప్పి, తరవాత కళింగపట్నం వైపు నడవండి. సుమారు 5 కిలోమీటర్ల దూరం అంటారు, ఊళ్ల మీదుగా వంకర తిరుగుళ్లు కలిస్తే ఇంకొంచెం. నది సముద్రంలో కలిసేచోట నడక ముగుస్తుంది, అక్కణ్ణించి శ్రీకాకుళం బస్సెక్కితే సరి. శాలిహుండానికి వెళ్లేటప్పుడే ఎక్కువ కష్టం, ఒక్కోసారి ఆటో మాట్లాడుకోవాలి. అందుకే ఆ కష్టం పొద్దునే అయిపోయేలా ఇటునుంచి అటు నడవమంటున్నాను.

స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మీకు టికెట్టుకి డబ్బులక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గరుంచుకోండి, కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు దిగేదాకా పారేయకండి. ఒడిశాలోకి వెళ్లే సర్వీసుల్లో ఇది చెల్లదు, కాబట్టి సరిహద్దు వైపు వెళ్లిన రోజు చేతిలో చిల్లర ఉండాలి. బాత్రూము సంగతి ఎవరూ రాయరు గానీ అది పెద్ద సమస్యే, దానికి భయపడి నీళ్లు తాగడం మానేస్తే ఎండలో కళ్లు తిరుగుతాయి. దారిలో గుడో బడో అంగన్‌వాడీయో ఎక్కడుందో ముందే చూసుకోండి, అడిగితే కాదనేవాళ్లు మన పల్లెల్లో తక్కువ.

ప్రశ్న: సీతంపేట, కురుపాం వైపు ఏనుగులున్నాయి కదా, నడవొచ్చా?
— ఒక పాఠకుడు, పాలకొండ

జవాబు: ఏనుగుల గుంపు ఏ ఊరి దగ్గరుందో అటవీశాఖ వాళ్లకీ ఆ ఊరివాళ్లకీ తెలుస్తుంది. పక్క ఊళ్లో ఉన్నాయని విన్నా సరే, ఆ రోజు వెళ్లొద్దు. మనుషుల ప్రాణాలు పోయాయి, ఇందులో ధైర్యం చూపించాల్సిందేమీ లేదు. లేవని తెలిశాక కూడా పొద్దు వాలకముందే రోడ్డెక్కేయాలి. ఉద్దానం వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లకీ ఇదే మాట, ముఖ్యంగా జీడిపళ్లూ పనసపళ్లూ పండే రోజుల్లో. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. వేసవిలో మధ్యాహ్నం ఉరుము వినపడితే కొండ నెత్తిన ఉండకండి, ఒంటరి చెట్టు కింద అసలే వద్దు.

ప్రశ్న: నడిచి నడిచి రోడ్డు మీదికొస్తే, చెయ్యెత్తినా బస్సు ఆగకుండా పోయింది. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ముందు అది ఏ బస్సో చూడండి. పల్లెవెలుగు చెయ్యెత్తినచోట ఆగొచ్చు, ఎక్స్‌ప్రెస్ దాని స్టాపుల్లోనే ఆగుతుంది, దాన్ని తప్పు పట్టలేం. రెండోది మీరు నిలబడిన చోటు. మలుపులో, దిగుడులో డ్రైవరు బ్రేకు వేయలేడు, వేస్తే వెనకొచ్చే లారీ గుద్దేస్తుంది. నూరడుగులు నడిచి తిన్నగా ఉన్న రోడ్డుకి రండి. చీకటి పడితే టార్చీ డ్రైవరు కళ్లలోకి కొట్టకుండా మీ బట్టల మీదికి, ఎత్తిన చేతి మీదికి వేసుకోండి, అప్పుడు అక్కడ మనిషి ఉన్నాడని కనిపిస్తుంది. సంచి వీపున కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకోండి, ఆగగానే ఎక్కడానికి వీలుగా ఉంటుంది. బురద బూట్లు బస్సు మెట్టు దగ్గరే దులుపుకుని ఎక్కండి.